‘ఎక్స్‌పీ నడిచే కొత్త మెషీన్’ కొంటున్నారా? ముందు కెర్నెల్ సంగతి తేల్చుకోండి

పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, పాత అను ఫాంట్లతో పని నెట్టుకొస్తున్న ప్రెస్సులకూ డీటీపీ సెంటర్లకూ ఈ హెచ్చరిక. ‘మీ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు కొత్త మినీ పీసీలోకి దించి ఇస్తాం, ఇక జీవితాంతం దిగులు లేదు’ అంటూ కొందరు అమ్ముతున్న మెషీన్‌ను మా ప్రెస్సుకూ కొన్నాం. అది ఆగిపోయాక ఫోను చేస్తే ‘అప్‌డేట్ వల్ల వచ్చిన ఇబ్బందికి మా పూచీ లేదు’ అన్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవారి పేరు రాయడం లేదు. పేరు కన్నా సరుకు ఎలా తయారు చేశారో తెలిస్తేనే మీకు ఉపయోగం. ఇదే పద్ధతిలో చేసి అమ్మేవారు ఒక్కరే కారు.

మెషీన్‌లో ఉన్నది ఇదీ. అడుగున ఉబుంటు 22.04 డెస్క్‌టాప్, అంటే విండోస్ బదులు వాడే లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్. దాని మీద వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్, అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించేది, అదీ పాత వెర్షన్. అందులో మా పాత హార్డ్ డిస్కు నుంచి తీసిన విండోస్ ఎక్స్‌పీ. ముందు నిలబడి చూపించినప్పుడు అంతా బాగానే నడిచింది. పేజ్‌మేకర్ 7 తెరుచుకుంది, పెళ్లి కార్డు ప్రింటు వచ్చింది, ఒక్క ఒత్తు కూడా పక్కకు జరగలేదు. కొంతకాలానికి మామూలు అప్‌డేట్లతోపాటు ఉబుంటు కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రామ్‌లనూ నడిపించే దాని లోపలి భాగం, కూడా మారింది. ఆ తర్వాత ఎక్స్‌పీ కిటికీ తెరుచుకోలేదు. మాడ్యూళ్లు కంపైల్ కాలేదని ఒక సందేశం, అంతే.

మాడ్యూళ్లంటే కెర్నెల్‌లోకి చేరి పనిచేసే చిన్న ముక్కలు, కంపైల్ అంటే వాటిని ఆ కెర్నెల్‌కు తగ్గట్టు తయారు చేయడం. ఈ మాడ్యూళ్ల సంగతి అమ్మేవారు చెప్పరు. వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ అకౌంట్ల ప్రోగ్రామ్ లాంటిది కాదు, దాని పనిలో కొంత కెర్నెల్ లోపలే జరగాలి. అందుకోసం ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌కు వీఎంమాన్, వీఎంనెట్ అనే మాడ్యూళ్లు, వర్చువల్‌బాక్స్‌కు వీబాక్స్‌డీఆర్‌వీ ఉంటాయి. మెషీన్‌లో ఏ కెర్నెల్ ఉంటే దానికి సరిపోయేలా ఇవి తయారు కావాలి. లినక్స్ కెర్నెల్ బయటి ప్రోగ్రామ్‌లకు ఇచ్చిన మాట గట్టిగా నిలబెట్టుకుంటుంది కానీ, తన లోపలి అమరికలు రేపు కూడా ఇలాగే ఉంటాయని మాత్రం చెప్పదు. అలా చెప్పబోమని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టారు. కాబట్టి కెర్నెల్ ముందుకు వెళ్లి సాఫ్ట్‌వేర్ పాతదిగా ఉండిపోతే ఏదో ఒకరోజు ఈ రెంటికీ పొసగదు.

ఉబుంటు 22.04 అన్న పేరు చూసి అడుగు భాగం స్థిరంగా ఉంటుందనుకోవద్దు. అది 5.15 కెర్నెల్‌తో మొదలైంది. డెస్క్‌టాప్ రకం మాత్రం కొత్త హార్డ్‌వేర్ కోసం కొత్త కెర్నెళ్లు తెచ్చే హెచ్‌డబ్ల్యూఈ అనే వరుసను అనుసరిస్తుంది: 2023లో 5.19, ఆ తర్వాత 6.2, 2024లో 6.5, చివరకు 6.8. ఒకే పేరు కింద అయిదు కెర్నెళ్లు. 5.15 మీదే ఉండాలంటే దారి లేకపోలేదు. 5.15ను తెచ్చే లినక్స్ జనరిక్ ప్యాకేజీ వేసి, హెచ్‌డబ్ల్యూఈ ప్యాకేజీనీ అప్పటికే వచ్చిన కొత్త కెర్నెళ్లనూ తీసేయాలి. భద్రతా సవరణలు కూడా 2027 వరకు అందుతాయి. మా మెషీన్‌లో ఈ పని చేయించాం. ఎక్స్‌పీ లేచింది, వైఫై పోయింది! కొత్త మినీ పీసీలోని వైఫై చిప్‌కు 5.15లో డ్రైవర్ లేదు. అంటే కొత్త హార్డ్‌వేర్ కొత్త కెర్నెల్ అడుగుతుంది, పాత సాఫ్ట్‌వేర్ పాత కెర్నెల్ అడుగుతుంది. ఈ రెంటినీ ఒకే పెట్టెలో పెట్టి ‘జీవితాంతం’ అని స్టిక్కర్ అతికించారు.

తర్వాత వాళ్లే, మళ్లీ డబ్బు తీసుకుని, వర్చువల్ మెషీన్లు నడపడానికి లినక్స్‌లోనే ఉన్న కేవీఎంకు మారుస్తామన్నారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. కేవీఎం 2007లో 2.6.20 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగం కాబట్టి విడిగా మాడ్యూళ్లు కంపైల్ చేసే బెడద ఉండదు. చేసిన తీరే దారుణం. డిస్కును వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన విర్ట్ఐఓ రకంగా పెట్టారు. ఎక్స్‌పీ 2001 నాటిది, దానికి సొంతంగా విర్ట్ఐఓ డ్రైవర్ ఎక్కడి నుంచి వస్తుంది? నీలి తెర, 7బి లోపం. బూటు కావలసిన డిస్కే కనపడటం లేదని దాని అర్థం. ఎక్స్‌పీకి తెలిసిన పాత ఐడీఈ రకంగా పెట్టించాక గానీ లేవలేదు. నెట్‌వర్క్ కార్డు విషయమూ అంతే, రియల్‌టెక్ 8139 పెడితే ఎక్స్‌పీ తనంతట తానే గుర్తుపడుతుంది. యూఎస్‌బీ 3 కంట్రోలర్ పెడితే డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిలా యూఎస్‌బీలో గుచ్చేది) కనిపించదు, ఎక్స్‌పీకి ఆ కంట్రోలర్ తెలియదు. ఇవన్నీ పూర్తయ్యాక, హార్డ్‌వేర్ మారింది కాబట్టి మళ్లీ యాక్టివేషన్ చేయమని ఎక్స్‌పీ అడుగుతుంది. ఆ సంగతీ ముందు చెప్పరు.

వీఎంవేర్ మీదే ఉన్నవారికి ఒక మాట. వర్చువల్ మెషీన్ లోపలి విండోస్‌లో వేసే వీఎంవేర్ టూల్స్ (తెర, మౌస్ లాంటివి సరిగ్గా నడిపించే డ్రైవర్లు) ఎక్స్‌పీకి 10.0.12 దగ్గర ఆగిపోయాయి. అంతకు పై వెర్షన్ వేస్తానని ఎవరైనా అంటే వారికి ఈ పని తెలియదన్నమాట.

చివరికి వాళ్లు ఇచ్చిన సలహా: ‘అప్‌డేట్లన్నీ ఆపేయండి.’ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. లోపల అదీ, బయట సవరణలు ఆపేసిన ఉబుంటూ, రెండూ ఇంటర్నెట్‌లో! కస్టమర్ల ఫైళ్లు ఉన్న మెషీన్‌ను అలా వదలలేం. ఎక్స్‌పీకి నెట్‌వర్క్ తీసేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకోవడం కాస్త విసుగే అయినా పని నడుస్తుంది.

కొనాలనే అనుకుంటే, డెమోలో పేజ్‌మేకర్ తెరిచి చూపించినంత మాత్రాన డబ్బు ఇవ్వకండి. మీ ముందే ఉబుంటు అప్‌డేట్లన్నీ వేయించండి, మెషీన్ రీస్టార్ట్ చేయించండి, అప్పుడు ఎక్స్‌పీ తెరిపించండి. అమ్మేవారు అందుకు తటపటాయిస్తే లేచి వచ్చేయండి. ఉబుంటు అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పకుండా తీసుకోండి. మాకు అది ఇవ్వలేదు, ప్రతి చిన్న పనికీ వాళ్లనే బతిమాలుకోవాల్సి వచ్చింది. లైసెన్సు పేరుతో వసూలు చేస్తే ఏ లైసెన్సో అడగండి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి వ్యాపార అవసరాలకూ ఉచితం. వర్చువల్‌బాక్స్ ఉచితమే కానీ అదనపు సౌకర్యాలిచ్చే దాని ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌ను వ్యాపారంలో వాడాలంటే డబ్బు కట్టాలి.

బిల్లు కూడా చూసుకోండి. మా బిల్లు మీద వాళ్లు రాసింది ‘మినీ పీసీ’ అని మాత్రమే. ఎక్స్‌పీ ఊసే లేదు. కెర్నెల్ మారితే ఎవరు సరిచేస్తారు, ఎంతకాలం, ఎంతకు అన్నది బిల్లు మీదే రాయించండి. వాట్సాప్‌లో వాళ్లు పంపిన ప్రకటన జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం.

ఇప్పటికే కొని, అప్‌డేట్ తర్వాత ఇరుక్కున్నవారు అమ్మినవారికి మళ్లీ డబ్బు కట్టే ముందు ఇది చేసి చూడండి. మెషీన్ ఆన్ అవుతున్నప్పుడు గ్రబ్ మెనూలో (ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే తెర) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నెల్ సాధారణంగా ఇంకా ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఎక్స్‌పీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. తెరుచుకున్న వెంటనే ఫైళ్లు బయటికి తీసుకోండి, ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి వర్చువల్ డిస్కు ఫైలుకు ఒక నకలు వేరే హార్డ్ డిస్కులో పెట్టుకోండి. ఆ నకలు చేతిలో ఉంటే మరమ్మతుకు ఇంకెవరి దగ్గరికైనా వెళ్లవచ్చు.