కొంగకు మేడ కట్టిన సబ్‌టైటిల్

మా చిన్నాన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ము పని, అంటే పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పని, చేస్తారు. పని చేస్తూ ఆయన చెప్పే కబుర్లను వీడియోలు తీసి, మూడేళ్లుగా సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు వేస్తున్నాను. ఉచితమని, మాట ఎక్కడ మొదలైందో శబ్దపు గీతల్లో చూసి కత్తిరించుకోవచ్చని అందరికీ తెలిసిందే. నా ప్రాణం మాత్రం ఎడిట్ మెనూలో దాక్కున్న ‘మల్టిపుల్ రీప్లేస్’ మీద ఉంది. దేని బదులు ఏది రావాలో జాబితా ఇస్తే, అన్నిటినీ ఒకేసారి మార్చేస్తుంది.

మా పిన్నికి చెవులు సరిగా వినపడవు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. ఈ ఊళ్లో ఇది కొత్త కాదు. తెలుగు లిపి ఆమె చదవలేదు. ఒడియాలోకి అనువదిస్తే, ‘మీ చిన్నాన్న పెదవులు ఈ మాట అనడం లేదే’ అంటుంది. అంటే తెలుగు మాటే ఒడియా లిపిలో కావాలి.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు ‘క’ సంఖ్య 3093, ఒడియా ‘క’ సంఖ్య 2837. తేడా 256. మిగతా అక్షరాలకూ అదే తేడా. రెండు సాయంత్రాలు కూర్చుని, ఏ అక్షరం బదులు ఏది రావాలో ఒక్కొక్కటే లెక్కగట్టి జాబితాలో ఎక్కించాను. మీట నొక్కగానే వీడియో మొత్తం లిపి మార్చుకుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

కూర్చోబెట్టింది మొదటి వాక్యమే. ‘కొమ్ము’ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. యూనికోడ్‌లో వాటి స్థానాలు ఖాళీగా వదిలేశారు. సరే, వాటికి బదులు దీర్ఘాలు పెట్టాను. డబ్బాలు పోయాయి. ఆ సంబరంలో తెలుగు ఫైలు మీదే సేవ్ చేశాను, అదొక్కటే ప్రతి. జాబితాను తిరగేసి నడిపితే కొమ్ము ‘కోమ్ము’గా, ఎద్దు ‘ఏద్దు’గా తిరిగొచ్చాయి. పోనీ దీర్ఘాలన్నీ హ్రస్వాలు చేద్దామంటే ‘కోయడం’ కాస్తా ‘కొయడం’ అవుతుంది. డబ్బాలను అలాగే ఉంచి ఉంటే ఏది ఏదో తెలిసేది! వారం రోజులు చిన్నాన్న మాటలు మళ్లీ వింటూ చేత్తో దిద్దుకున్నాను. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇంతకుముందు అడిగినవాళ్లందరికీ ‘కళ్లు మూసుకుని నొక్కండి’ అని చెప్పాను. ఇప్పుడైతే ముందు వేరే పేరుతో ఇంకో ప్రతి దాచుకోమంటాను, నొక్కాక వరుస వరుసా చదవమంటాను. నేను చదవలేదు కాబట్టే పిన్ని అడిగింది: ‘కొంగకు మేడ ఎందుకు కట్టారు నాన్నా?’ చిన్నాన్న అన్నది కొంగ మెడ వంచడం గురించి.

నా వీడియోలు పది నిమిషాలు దాటవు, వాటికి ఈ సాఫ్ట్‌వేర్ సరిపోయి మిగులుతుంది. రెండు గంటల సభలకు వేసేవాళ్ల మాట వేరుగా ఉండవచ్చు. ఇంట్లో మాటా లిపీ ఒకటే అయినవాళ్లకు ఈ జాబితా జోలికి వెళ్లే పనే లేదు.

ఇప్పుడు కెమెరా ముందు చిన్నాన్న మెడ అనడం మానేసి కంఠం అంటున్నారు. ఈమధ్య పంతులుగారిలా మాట్లాడుతున్నారేమిటని పిన్ని ఫిర్యాదు.