తెల్లారకముందే గేటు తీస్తారా? ఈసీఆర్ మీద మూడు రోజులు

రిపబ్లిక్ డే సోమవారం పడింది. శనివారంతో కలుపుకుంటే మూడు రోజులు. కొత్త కెమెరా పట్టుకుని మా బావమరిది శుక్రవారం రాత్రే నెల్లూరు నుంచి చెన్నై శివారు షోళింగనల్లూరులోని మా ఇంట్లో దిగిపోయాడు. "దారి పొడుగునా ఆగుతూ పోదాం బావా" అన్నాడు. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: బాత్రూము బాగాలేని చోట తను కారు దిగదట.

ఈసీఆర్, అంటే సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, చెన్నై నుంచి పుదుచ్చేరి 150 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి చిదంబరం మీదుగా తరంగంబాడి ఇంకో 120 దాకా. అంతే అనుకున్నాం.

శనివారం చీకటితోనే బయల్దేరి, ఆరింటికల్లా మహాబలిపురం తీరాలయం గేటు దగ్గరున్నాం. మనకు టికెట్ 40 రూపాయలు. చేత్తో పట్టుకుని తీసుకునే ఫొటోలకు అడ్డు లేదు, ట్రైపాడ్‌కు మాత్రం ముందుగా అనుమతి ఉండాలి. బావమరిది మొహం మాడ్చుకుని దాన్ని కారులో పడేసి వచ్చాడు. నన్నడిగితే అక్కడికంటే ఊళ్లోని అర్జున తపస్సు శిల్పం దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. అది తూర్పు ముఖంగా ఉంటుంది, పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. మధ్యాహ్నం దాటాక వెళ్తే బండంతా నీడే. అందరూ పెద్ద ఏనుగుల్నే తీస్తారు. వాటి పక్కనే, కింద, ఓ పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు పైకెత్తి తపస్సు చేస్తుంటుంది. చుట్టూ ఎలుకలు భక్తిగా చేరి ఉంటాయి. మనం కొంగజపం అంటాం, పల్లవుల శిల్పి ఆ పని పిల్లికి అప్పగించాడు. జూమ్ లెన్స్ ఉంటే దాన్ని వదలకండి.

మరక్కాణం దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఉప్పు మడులు. నీళ్లు నిలిపిన మడుల్లో ఆకాశం అద్దంలా కనిపిస్తుంది. కాకపోతే బస్సులు రాసుకుంటూ పోతాయి. కారు రోడ్డు దిగి ఆపే చోటు చూసుకున్నాకే కెమెరా బయటికి తియ్యాలి. మడిలో చెక్క పలకతో ఉప్పు లాగుతున్న పెద్దాయన మీదికి మావాడు నేరుగా లెన్స్ ఎత్తాడు. చెయ్యి పట్టుకుని ఆపి, నాకొచ్చిన అరకొర తమిళంలో అడిగాను. "ఎడుత్తుక్కోంగ" అని ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. తీసింది చూపిస్తే, నన్ను కాదు, ఆ కుప్పను తియ్యండి అన్నాడు. నిజమే, కుప్ప ఫొటోనే బాగా వచ్చింది.

పుదుచ్చేరిలో దెబ్బతిన్నాం. మామూలు రోజుల్లో మూడు వేల లోపు ఉండే గది ఆ వారాంతం ఆరున్నర వేలు. స్విమ్మింగ్ పూల్ ఫొటోలు చూసి నేనే బుక్ చేశాను, ఎవర్నీ అనడానికి లేదు. సాయంత్రమయ్యేసరికి బీచ్ రోడ్డులోకి వాహనాలు రానివ్వరు, కారెక్కడో దూరంగా పెట్టి నడిచాం. సరే, అదీ బాగానే ఉంది. తెల్లారి ఐదుంబావుకి లేచి చూస్తే హోటల్ గేటుకు తాళం. వాచ్‌మన్ నిద్రలో ఉన్నాడు, తాళంచెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ ఫోన్ ఎత్తడు. గేటు తీసేసరికి ఆరూ ఇరవై. పరుగున సముద్రం దగ్గరికి వెళ్లి కెమెరా తీస్తే లెన్స్ నిండా ఆవిరి. రాత్రంతా ఏసీలో చల్లబడిన గాజు మీదికి ఒక్కసారిగా తేమగాలి తగిలితే అంతే. తుడిచే కొద్దీ మళ్లీ పట్టేస్తుంది. అది విడేలోపు సూర్యుడు పైకొచ్చేశాడు. ఎనిమిదింటికి ఉచిత టిఫిన్ పెట్టారు. ఎవడిక్కావాలి?

ఫ్రెంచి వీధుల్లో పసుపు గోడల ముందు పెళ్లి జంటలు వరసలో నిలబడి ఉన్నాయి. ఒకావిడ కిటికీ తెరిచి, ఆ గుంపును చూసి మళ్లీ మూసేసుకుంది. ఆ గోడ ఆవిడ ఇల్లు మరి. మేమూ అక్కడ ఆగలేదు. ఒక్క సంతోషమేంటంటే పీవై 04 నంబరు కారు కనిపించింది, అంటే యానాం బండి. పలకరిస్తే గోదావరి యాసలో పది నిమిషాలు మాట్లాడారు.

పిచ్చావరం మడ అడవుల్లో బోటు కోసం రెండు గంటలు క్యూలో నిలబడ్డాం. లాంగ్ వీకెండ్‌లో వద్దు, మామూలు రోజున వెళ్లండి.

ఈసారి తరంగంబాడిలో గది తీసుకునే ముందు ఫోన్లో ఒక్కటే అడిగాను: తెల్లారి ఐదింటికి గేటు తీస్తారా? ఆ ఇంటావిడ నవ్వి, మాకు గేటే లేదంది. పద్దెనిమిది వందలు, ఫ్యాను గది, అరటాకులో భోజనం. బాత్రూము చూసొచ్చి మా ఆవిడ తల ఊపింది. కెమెరా సంచి రాత్రంతా వరండాలోనే ఉంచాం. పొద్దున లెన్స్ మీద చుక్క ఆవిరి లేదు.

అక్కడ నాలుగడుగుల్లో సముద్రం. 1620లో డెన్మార్క్ వాళ్లు మొదలుపెట్టిన డాన్స్‌బోర్గ్ కోట ఒక పక్క, 1306 నాటి మాసిలామణినాథర్ గుడి ఇంకో పక్క. గుడిలో చాలా భాగాన్ని ఎప్పుడో కెరటాలు మింగేశాయి. మిగిలిన గోపురం వెనక నుంచి ఎరుపు లేస్తుంటే మావాడు గంటసేపు మాట్లాడలేదు. ఇక్కడి క్రైస్తవ మిషన్‌కు వచ్చిన షుల్జ్ అనే జర్మన్ పాదిరీయే తరవాత చెన్నపట్నం వెళ్లి తెలుగు నేర్చి, 1746లో జర్మనీలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడని చెప్పాను. విన్నాడో లేదో.

మొత్తం తొమ్మిది వందల ఫొటోలు తీశాడు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం మా ఆవిడ ఫోన్‌తో తీసిన ఒక్కటే ఉంది: పుదుచ్చేరిలో తాళం వేసిన గేటు లోపల, ట్రైపాడ్ భుజాన వేసుకుని, ఊచలు పట్టుకుని నిలబడ్డ నేను.