గడియారం సెంటర్ దగ్గరి మేడమీద పుస్తకాల షాపు

నల్గొండ గడియారం సెంటర్ పక్క సందులో, ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. చిన్న గది, ఒక్కటే ఫ్యాన్. కానీ హిజ్రాల, గే, లెస్బియన్ల జీవితాల మీద వచ్చిన పుస్తకాలను దాచకుండా ఎదురు బల్ల మీదే పెట్టిన షాపు మా వైపు నాకు తెలిసి ఇదొక్కటే. పి. సత్యవతి గారు అనువదించిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఇక్కడే కొన్నాను. 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందిన పుస్తకం అది.

మా తమ్ముడు తన సంగతి చెప్పిన వారం. వాడితో ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌తో వెళ్లాను. షాపు అక్క ఏమీ అడగలేదు. స్టూలు జరిపి, చాయ్ పోసి, "నిమ్మళంగ చూసుకో చెల్లె" అన్నది. బస్సులో ఎవరూ చూడకుండా పాత పేపరుతో అట్ట వేసిచ్చింది. ఆ అట్ట ఇంకా తియ్యలేదు.

ఇప్పుడు మూడు నెలల కిరాయి బాకీ ఉంది. మేం పదిహేను మందిమి నెలకు తలా 300 వేసుకుంటున్నాం. మిర్యాలగూడ టీచరమ్మ ఒకరు పది పుస్తకాలు ఒకేసారి కొన్నారు. స్టాక్ తక్కువే, అడిగిన పుస్తకం రావడానికి వారం పడుతుంది. అయినా ఆన్‌లైన్‌లో కాకుండా ఇక్కడే ఆర్డర్ ఇవ్వండి. ఆదివారం కూడా రాత్రి ఎనిమిది దాకా తీసే ఉంటుంది.