ఎన్‌ఐహెచ్ కొత్త సమీక్షా పద్ధతి: పేరుప్రతిష్ఠలకు మార్కులు తీసేశారు

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ చాలా రకాల పరిశోధనా గ్రాంట్ల దరఖాస్తులను సమీక్షించేందుకు ఈ కొత్త పద్ధతిని 2025 జనవరి 25 దరఖాస్తు గడువు నుంచి అమలు చేస్తోంది. ఇదివరకు ప్రాముఖ్యం, పరిశోధకులు, కొత్తదనం, పరిశోధనా విధానం, వసతులు, ఈ ఐదింటికీ 1 నుంచి 9 దాకా విడివిడిగా స్కోరు వేయాల్సి వచ్చేది. ఇప్పుడవి మూడయ్యాయి. ఈ పరిశోధన అవసరమా? విధానం గట్టిదేనా, జరిగే పనేనా? అంకెలు ఈ రెండింటికే. మూడోదానిలో పరిశోధకుల అనుభవం, వసతులు ఈ పనికి సరిపోతాయో లేదో చెబితే చాలు. సరిపోకపోతే లోటేమిటో రాయాలి.

అసలు మేలు ఇక్కడే ఉంది. పెద్ద సంస్థ, పేరున్న ప్రొఫెసర్ అనగానే స్కోరు దానంతటదే మెరుగుపడడం పాత జబ్బు. అది పూర్తిగా నయమవుతుందని మాత్రం అనలేం. పేర్లు కనబడుతూనే ఉంటాయి, చివర్లో వేసే మొత్తం స్కోరు మిగతా వాటి సగటు కాదు, సమీక్షకుల సొంత నిర్ణయం. పక్షపాతం దొడ్డిదారిన అందులోకి దూరగలదు.

సమీక్షకులు రాసే వ్యాఖ్యల నాణ్యతను ఏ ఫారమూ కాపాడలేదు. 'శాంపిల్ సైజు చాలదు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'గుంపుకు 8 ఎలుకలే. పవర్ లెక్క (తేడాను పట్టుకోవడానికి ఎన్ని ఎలుకలు కావాలో చెప్పేది) చూపలేదు. ఆశించే తేడా చిన్నది కాబట్టి రెండో లక్ష్యం తేలకపోవచ్చు. మొదటి లక్ష్యానికి ఇబ్బంది లేదు' అంటే లోపమూ, దాని బరువూ రెండూ తెలుస్తాయి. బరువు చెప్పకుండా పది చిన్న లోపాలను ఒక పెద్ద లోపం పక్కన పేరిస్తే ప్యానెల్‌కు, అంటే సమీక్షకుల బృందానికి, ఏది ముఖ్యమో అర్థం కాదు. వ్యాఖ్యలు ముందు రాసి, స్కోరు తర్వాత వేయండి. 1 అంటే అత్యుత్తమం, 9 అంటే అధమం. లోపాలన్నీ తీవ్రమైనవని రాసి 2 వేస్తే మాటకూ అంకెకూ పొంతన ఉండదు. తామైతే ఇంకోలా చేసేవాళ్లమన్నది లోపం కింద రాకూడదు. బడ్జెట్‌ను చూసి స్కోరు మార్చకూడదు. దరఖాస్తును ఏఐ టూల్‌లో పెట్టి సమీక్ష రాయించడాన్ని ఎన్‌ఐహెచ్ 2023లోనే నిషేధించింది, గోప్యత పోతుందని.

తొలి స్కోర్లు వెనకబడిన దరఖాస్తులు చాలావరకు ప్యానెల్ చర్చకే రావు. ఆ దరఖాస్తుదారులకు దక్కేది సమీక్షకులు రాసిన వ్యాఖ్యలూ, వేసిన విడి స్కోర్లే. మళ్లీ దరఖాస్తు పెట్టాలంటే వాటిలోంచే దారి వెతుక్కోవాలి.