ఒలింపిక్స్ టీవీ హోస్ట్‌గా జిమ్ మెకేనా, బాబ్ కోస్టాసా?

అమెరికా టీవీలో ఒలింపిక్స్ అంటే పాతతరం వాళ్ళు ఏబీసీ ఛానెల్ జిమ్ మెకే అంటారు, తర్వాతి వాళ్ళు ఎన్‌బీసీ ఛానెల్ బాబ్ కోస్టాస్ అంటారు, ఎవరి గోల వాళ్ళది.

మెకే బేసిగ్గా పేపర్ రిపోర్టర్, బాల్టిమోర్‌లో పనిచేసి టీవీకి వచ్చాడు, ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అసలు మెయిన్ హోస్ట్ ఈయన కాదు, క్రిస్ షెంకెల్, పైగా సెప్టెంబర్ 5న మెకేకి సెలవు. ఇజ్రాయెల్ ఆటగాళ్ళని ఉగ్రవాదులు బందీలుగా పట్టుకున్నారని తెలియగానే ఏబీసీ స్పోర్ట్స్ బాస్ రూన్ ఆర్లెడ్జ్ ఈయన్నే కూర్చోబెట్టాడు, ఇక గంటలు గంటలు లైవ్, ఊహాగానాలు లేవు, ఏడుపు గొంతు లేదు. బందీల్లో అమెరికాలో పుట్టిన వెయిట్‌లిఫ్టర్ ఒకతను ఉన్నాడు, వాళ్ళ అమ్మానాన్నలకి కబురు చెప్పేది నేనేనేమో అనే ఆలోచన ఆయన మనసులో నడుస్తూనే ఉందట, చివరికి బందీలందరూ చనిపోయారని చెప్పాల్సొచ్చింది. మొత్తం 11 మంది.

కోస్టాస్ టైప్ వేరు. 1992 బార్సిలోనా నుంచి 2016 రియో దాకా ఎన్‌బీసీ ప్రైమ్‌టైమ్ ఆయనదే, మాట పదును, చదువు ఎక్కువ, కాస్త లెక్చర్ కూడా ఎక్కువే (నాకైతే ఒక్కోసారి బోర్). 2014 సోచీలో కళ్ళకలక వచ్చి కొన్ని రోజులు తప్పుకున్నాడు. కానీ 2012 లండన్ ఓపెనింగ్‌లో మ్యూనిక్ మృతులకి మౌనం పాటించడానికి ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) ఒప్పుకోకపోతే, ఇజ్రాయెల్ టీమ్ వచ్చినప్పుడు ఆ సంగతి ఆన్ ఎయిర్ చెప్పేశాడు చూడండి, అది మాత్రం సూపర్.

మామూలు రోజుల్లో కోస్టాస్ ఓకే, ఏదైనా జరిగితే మాత్రం నాకు మెకేనే కావాలి.