వెదురు లాఠీ, లండన్ ట్రంచన్

తిరుమల గరుడసేవ నాడు మాడవీధుల్లో కిక్కిరిసే జనాన్ని తలచుకుంటే, నిలువెత్తుకు దగ్గరగా ఉండే వెదురు లాఠీకీ, 1829లో ఏర్పడిన లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు వాడిన ట్రంచన్ అనే పొట్టి దుడ్డుకర్రకూ తేడా ఇట్టే తెలుస్తుంది. శేషాచలం కొండల్లోనూ పెరిగే సాధన వెదురుకు లోపల బోలు తక్కువ కనుక దానితో చేసిన లాఠీ తేలికగా ఉంటూనే గట్టిగా నిలుస్తుంది. రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంటే, ఎవరినీ కొట్టకుండానే గుంపును వెనక్కి నెట్టవచ్చు. ట్రంచన్‌కు ఆ వెసులుబాటు లేదు. గట్టి కలపతో చేసిన ఆ దుడ్డు దుస్తుల్లోని పొడవాటి జేబులో దాగి ఉండేది కాబట్టి పోలీసు నిరాయుధుడిగానే కనిపించేవాడు, అయితే దాన్ని వాడాలంటే ఎదుటి మనిషికి చేరువగా వెళ్లాల్సిందే. పెనుగులాడే ఒక్కణ్ణి లొంగదీయడానికి ట్రంచన్, జాతర జనానికి లాఠీ మేలని నా అభిప్రాయం. అలాగని లాఠీ సాధువైనదేమీ కాదు: 1928 అక్టోబరు 30న లాహోర్‌లో లాఠీ దెబ్బలు తిన్న లాలా లజపతిరాయ్ నవంబరు 17న కన్నుమూశారు.