మెనూ కార్డుకి ఫుల్ మార్కులు, మటన్ స్టూకి కాదు

బెంగళూరులో మా టీమ్ లంచ్ జరిగిన ఐరిష్ పబ్ ఇది. పేరు రాయను, గొడవలెందుకు. తిండి కంటే మెనూ కార్డే బాగుంది, జోక్ కాదు. ఒక్కో ఐటమ్ పక్కన ఐర్లాండ్ పల్లెటూళ్ల సామెత ఒకటి, పైన వాళ్ల ఐరిష్ భాషలో, కింద ఇంగ్లీషులో వేశారు. "దూరాన ఉన్న కొండలు పచ్చన" అన్నది చదవగానే టేబుల్ దగ్గరున్న తెలుగువాళ్లందరం ఒకేసారి "దూరపు కొండలు నునుపు" అనేశాం, కన్నడ కొలీగ్స్ ఏమైందని చూశారు.

ఐరిష్ స్టూ పక్కన "ఆకలిని మించిన సాస్ లేదు" అన్న అర్థంలో ఒకటుంది. మనమూ ఆకలి రుచెరగదంటాం కానీ ముప్పావుగంట ఆగాక వచ్చిన ఆ స్టూలో మటన్ ఉడకలేదని, బంగాళాదుంప మాత్రం ముద్దయిపోయిందని అంత ఆకలిలోనూ తెలిసిపోయింది. అడిగినప్పుడల్లా వెయిటర్ "ఫైవ్ మినిట్స్ సార్" అంటాడు. దానికీ కార్డులోనే సామెత ఉంది: "బతికుండవే గుర్రమా, గడ్డి దొరుకుతుంది."

సోడా బ్రెడ్ మాత్రం వదలొద్దు. ఈస్ట్ లేకుండా మజ్జిగ, వంటసోడా వేసి చేస్తారు, పైన ప్లస్ గుర్తులా గాటు పెట్టి కాలుస్తారు. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా, వెన్న రాస్తుంటేనే కరిగిపోయేంత వేడిగా వచ్చింది. ఇంకోటి అడిగితే అయిపోయిందన్నారు.

గోడల మీద బోర్డులు నాకు నచ్చలేదు. ఐర్లాండ్ అంటే తాగుడే అన్నట్టు అన్నీ టీషర్ట్ జోకులు. "వెన్నకీ విస్కీకీ తగ్గని రోగానికి మందు లేదు" అన్న అసలు పల్లె సామెత ఒక్కటే వాటిలో కాస్త నయం. "మాట్లాడని నోరు తియ్యన" అన్న బోర్డుని సరిగ్గా స్పీకర్ పైన తగిలించారు, ఆ మోతలో పక్కవాడి మాట వినపడదు.

ఇలాంటి అసలైన పల్లె సామెతలు కావాలంటే పబ్ దాకా వెళ్లక్కర్లేదు. 1937 నుంచి 1939 దాకా ఐర్లాండ్ బడిపిల్లలు ఊళ్లో పెద్దవాళ్లని అడిగి సామెతలు, వాన గుర్తులు, నాటువైద్యం నోట్‌బుక్కుల్లో రాసుకొచ్చారు, డూఖస్ అనే సైట్‌లో ఆ పేజీలు ఫ్రీగా చదవొచ్చు. వానకోయిలలు కిందుగా ఎగిరితే వాన అని రాశారు, మన ఊళ్లలో తూనీగల గురించి అనుకునేదే.

వెళ్లేవాళ్లు స్పీకర్‌కి దూరంగా కూర్చోండి, సోడా బ్రెడ్ కూర్చోగానే చెప్పేయండి, స్టూ జోలికి పోకండి. అయిదుకి రెండున్నర.